తెరిచినంత మాత్రాన చెప్పినట్టు కాదు

నేను ఏం ఉద్యోగం చేశానో మా అమ్మకు చివరిదాకా సరిగ్గా అర్థం కాలేదు. "కంప్యూటర్లో ఉత్తరాలు పైకీ కిందికీ జరుపుతాది మా పద్మ" అని కంభంలో చుట్టాలందరికీ చెప్పేది. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. ఇంత చదివి, హైదరాబాదులో ఇన్నేళ్లు ఉండి, ఉత్తరాలు జరిపే మనిషిగా మిగిలానా అని. రిటైరయ్యాక తీరిగ్గా ఆలోచిస్తే, ఆమె చెప్పిన దానికంటే బాగా నేనూ చెప్పలేనని తెలిసింది.

మాది ఒక మోస్తరు కంపెనీ. మెయిళ్లు చదువుకునే ప్రోగ్రాం తయారుచేసేవాళ్లం. అందులో నా వాటా పని ఒకటే. పెట్టెలో పడిన మెయిళ్లలో ఏది పైన కనబడాలి, ఏది కిందికి పోవాలి, దేన్ని దేంతో కలిపి గుంపు కట్టాలి అని తేల్చే భాగం నాది. ఇప్పుడు ఈ పనిలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ మార్కాపురంలో మా ఇంటికి ఫోన్ చేసి, "మీ అనుభవం చెప్పండి మేడం" అంటుంటారు. ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి రాసి పెడుతున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. ఎవరి ప్రమోషన్ కథ విన్నా నాకు ఆవులింతలే వస్తాయి.

కొత్తది పైన పెడితే సరిపోదా

చేరిన కొత్తలో నేనూ ఇదే అడిగాను. వచ్చినది వచ్చినట్టు పైన పెడుతూ పోతే గొడవేముంది? గొడవేమిటంటే, ఆఫీసు మనిషి పొద్దున పెట్టె తెరిచేసరికి పైనంతా చీరల డిస్కౌంట్లూ, బ్యాంకువాళ్ల పండగ శుభాకాంక్షలూ ఉంటాయి. నిన్న మేనేజరు పంపిన మెయిల్ అడుగున ఎక్కడో ఉంటుంది. అందుకని గుంపులు కట్టడం మొదలుపెట్టాం. ఒకే మనిషి దగ్గర్నుంచి ఒకే విషయం మీద వచ్చినవన్నీ ఒక్క వరుసలోకి మడిచేస్తే పెట్టె పొందిగ్గా కనబడుతుంది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

దాన్ని మొదట దెబ్బకొట్టింది మార్కాపురం పలకల వ్యాపారి చెన్నారెడ్డి గారు. ఆయనకు మెయిల్ అడ్రసు టైపు చేయడమంటే మహా చిరాకు. ఎవరికైనా ఏదైనా రాయాలంటే, ఆ మనిషి ఎప్పుడో పంపిన పాత మెయిల్ ఒకటి వెతికి పట్టుకుని, దానికే జవాబు నొక్కి, అందులో కొత్త సంగతి రాసి పంపేవారు. మన వైపు సగం మంది చేసే పనే ఇది. అలా ఒకసారి చెన్నైలో సరుకు కొనే ఆయనకు "లారీ బయల్దేరింది, దింపుకోను మనుషుల్ని పెట్టుకోండి" అని రాశారు. ఆ మెయిల్ వెళ్లి, కొనే ఆయన కూతురి పెళ్లి పిలుపు వరుసలో దూరి కూర్చుంది. పెళ్లి ఏనాడో అయిపోయింది కాబట్టి ఆ వరుసను ఎవరూ తెరవలేదు. లారీ పోయి గోడౌను ముందు రోడ్డు మీద నిలబడింది.

చెన్నారెడ్డి గారు ఊరి పరిచయం కొద్దీ నేరుగా నాకే ఫోన్ చేశారు. "ఏందమ్మా మీ ప్రోగ్రాము, పలకల లోడు తీస్కపోయి పెండ్లి పందిట్లో దించింది" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత, బాగా పాతబడిన మెయిల్‌కు వచ్చిన జవాబును కొత్త మెయిల్ కింద లెక్కేసేలా మార్చాం. ఇలాంటివి మీకు కాలేజీలో చెప్పరు. అడ్రసు టైపు చేయడానికి బద్ధకించే పెద్దమనిషి ఒకాయన ఉంటాడనీ, ఆయన బద్ధకానికి తగ్గట్టు మనం కోడు రాసుకోవాలనీ ఏ సిలబస్‌లోనూ ఉండదు.

మూర్తి గారి పెట్టె

మా విభాగానికి పెద్ద మూర్తి గారు. తెలివైనవారు, మర్యాదస్తులు, కింది వాళ్ల మీద గొంతు పెంచని మనిషి. ఆయనకు ఉన్న జబ్బు ఒకటే. లోకంలోని మెయిల్ పెట్టెలన్నీ తన పెట్టెలాంటివే అనుకునేవారు. ఆయన పెట్టె ఆయనది. పాస్‌వర్డు ఆయనకొక్కరికే తెలుసు. మెయిల్ తెరిచారంటే చదివినట్టు, చదివారంటే ఆ పని తెమిలినట్టు. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి పెట్టె ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, క్యారేజీ విప్పేవారు.

"చదివేసిన మెయిల్‌తో మనకింక పనేముందండీ" అని ఒక మీటింగులో అన్నారు. ఆ ఒక్క మాట మీద మా కొత్త వెర్షన్ తయారైంది. తెరవని మెయిళ్లు పైకి, తెరిచినవి కిందికి. గుంపులో ఒకటి తెరిస్తే గుంపంతా తెరిచినట్టే. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. కోడు రాసింది మా జట్టే కాబట్టి కొంచెం గట్టిగానే కొట్టాను.

పైఅధికారుల గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. నేను చూసినవాళ్లలో దుర్మార్గులు చాలా తక్కువ. తన బల్ల దగ్గర కూర్చుని కనబడినంత మేరే ఊరు అనుకునేవాళ్లు ఎక్కువ. దుర్మార్గుడితో పోట్లాడటం తేలిక. ఈ రెండో రకం వాళ్లతో మాత్రం ఓపిగ్గా పోట్లాడాలి, ఎందుకంటే వాళ్లు మనకు టీ ఇప్పించి మరీ కాదంటారు.

ఖాదర్ మామ దుకాణం

మార్కాపురం బస్టాండు దగ్గర ఖాదర్ మామకు నెట్ సెంటర్ ఉంది. మా నాయనకు స్నేహితుడు. కంభంలో ఉన్న రోజుల్లో, చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దించినవాడు. అందుకే నాకు యాభై దగ్గరపడుతున్నా "పాపా" అనే పిలిచేవాడు. అక్కడ నెట్ ఉన్నట్టే ఉండి పోతుంటుంది. మా ప్రోగ్రాం అయితే మెయిళ్లను కంప్యూటర్లోకి దించి పెడుతుంది, నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. అందుకని ఒకసారి సెలవులో వచ్చినప్పుడు నేనే దాన్ని ఎక్కించి ఇచ్చాను.

మామ మెయిల్ పెట్టె సంగతి మీకు చెప్పాలి. ఉద్యోగానికైనా, కాలేజీ సీటుకైనా దరఖాస్తులో మెయిల్ ఐడీ అడుగుతారు. పుల్లలచెరువు నుంచో, దోర్నాల నుంచో వచ్చిన పిల్లకు ఐడీ ఎక్కడిది? ఖాదర్ మామ తన ఐడీనే కొట్టేసేవాడు. జవాబు వస్తే ఫోన్ చేస్తాడు. ఫోన్ కలవని ఊరైతే ఆ ఊరి బస్సు కండక్టరుతో కబురు పంపుతాడు. దీనికి వేరే ఖర్చేమీ ఉండదు, దరఖాస్తుతో పాటు వచ్చే మర్యాద. అలా ఆ ఒక్క పెట్టెలో నాలుగైదు మండలాల పిల్లల బతుకులు పడి ఉండేవి.

మామ మహానుభావుడేమీ కాదు, ముందే చెబుతున్నాను. టీకని వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. సగం పనిలో రాజకీయాలు మొదలుపెడతాడు. తను రాలేదని చెప్పిన మెయిల్ నిజంగానే వచ్చి ఉంటుందని దేవుడు దిగి వచ్చి చెప్పినా ఒప్పుకోడు.

రమణమ్మ

కొత్త వెర్షన్ విడుదలైన కొన్నాళ్లకు బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వచ్చాను. మా ఘనకార్యం చూపిద్దామని మధ్యాహ్నం పూట ఖాదర్ మామ దుకాణానికి వెళ్లాను.

"వచ్చినావా పాపా, కూర్చో. మీ వాళ్లు ఏందో బాగు చేసినారంట కదా" అన్నాడు.

"బాగుందా మామా?"

"బాగు చేసినప్పట్నుంచి నాకు ఏదీ కనపడ్డంల్యా."

నేను విననట్టు నటించి, పైన తెరవనివి, కింద తెరిచినవి ఎంత అందంగా ఉన్నాయో వివరించడం మొదలుపెట్టాను. గోడవారగా బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నా వివరణ అయ్యేదాకా ఓపికపట్టి, "మామా, ఇంకొక్కసారి చూడు మామా" అంది.

"పొద్దున చూసినా కదమ్మా. రాలేదు."

"నాతోపాటు రాసిన ఇద్దరికీ వచ్చిందంట."

"వాళ్లలో ఒక పిల్లకు వచ్చింది, నేనే చెప్పినా. ఇంకో పిల్ల ఆస్పత్రికే పోయి కనుక్కునిందంట. నీది రాలేదు. రానిదాన్ని నేను యాడ్నుంచి తేవాల?"

ఎవరీ అమ్మాయని అడిగాను. పేరు రమణమ్మ, పుల్లలచెరువు అవతల అడవి అంచున ఊరు. నర్సు కోర్సు చదివింది. ఒంగోలులో ఒక ఆసుపత్రి ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చింది. రెండు బస్సులు మారి ఆ వారంలో మూడోసారి వచ్చింది.

"ఇది రాకుంటే ఏం చేస్తావమ్మా?" అన్నాను.

"మా వాళ్లు మిరపకాయ కోతలకు గుంటూరు పక్కకు పోతున్నారు మేడం. వాళ్లతో పోతా."

"మేడమేంది, మన కంభం పిల్లే. అక్కా అను" అన్నాడు మామ.

నేను కుర్చీ లాక్కుని ఆసుపత్రి పేరు కొట్టి వెతికాను. చాలా కింద, వెలిసిపోయినట్టున్న అక్షరాలతో ఒక వరుస కనబడింది. పక్కన బూడిద రంగులో చిన్నగా మూడు అంకె. ఆ అంకె పెద్దగా ఉంటే చూడటానికి బాగోలేదని మూర్తి గారంటే, మా జట్టువాళ్లమే దాన్ని చీమంత చేశాం. నొక్కాను. వరుస విచ్చుకుని మూడు మెయిళ్లయింది. ముగ్గురు అమ్మాయిలకూ ఆసుపత్రి ఒకే పెట్టెకు, ఒకే శీర్షికతో, ఒకదాని వెంట ఒకటి పంపింది. మా ప్రోగ్రాం వాటిని ముద్దుగా మడిచి ఒకటి చేసింది. మామ పైనున్నది తెరిచి, అందులో పేరున్న పిల్లకు కబురు పంపాడు. ఒకటి తెరిచాడు కాబట్టి మూడూ తెరిచినట్టే అనుకుని మా ప్రోగ్రాం మొత్తాన్నీ అడుక్కి తోసింది.

అడుగున ఉన్నది రమణమ్మది. ఎంపికయింది. అంగీకార పత్రం మీద సంతకం చేసి ఆ సాయంత్రం లోపల పంపాలి, లేకపోతే తర్వాతి పేరు వాళ్లకు ఇస్తారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మూర్తి గారి మీద, మా జట్టు మీద, చప్పట్ల మీద. రాలేదనడం తన తప్పేనని మామ ఒప్పుకున్నాడు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదటిసారి. రమణమ్మ ఏడవలేదు. "ఇప్పుడు టైమెంతయిందక్కా?" అంది, అంతే.

ప్రింటు తీశాం. సంతకం చేసింది. స్కానరులో పెడుతుండగా కరెంటు పోయింది.

"ఇన్వర్టర్ ఉంది కదా మామా?"

"ఉంది పాపా. బ్యాటరీలో నీళ్లు పోయలేదు."

ఏం అనగలం. కాగితం పట్టుకుని ముగ్గురం చెన్నారెడ్డి గారి పలకల కంపెనీకి పరుగు లాంటి నడక నడిచాం. అక్కడ జనరేటరు ఉంది. ఆయన మమ్మల్ని చూడగానే, "మళ్లా ఎవురి పెండ్లి కిందికి పోయిందమ్మా?" అన్నారు. సంగతి విన్నాక మాత్రం తనే లేచి కుర్చీ ఇచ్చి, స్కానరు మీది పలకల దుమ్ము తుడిచారు.

తీరా పంపబోతే మామకు పాస్‌వర్డు తెలియదు. "అది కంప్యూటరుకు తెలుసు, నాకు తెల్దు" అన్నాడు. గత్యంతరం లేక నా ఐడీ నుంచే, ఇలా ఇలా జరిగిందని నాలుగు ముక్కలు రాసి, పత్రం జతచేసి పంపాను. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

బస్టాండుకు తిరిగి వస్తూ, "నీకొక ఐడీ చేసిస్తాను రమణమ్మా, ఈ అగచాట్లు ఉండవు" అన్నాను.

"నాకెందుకక్కా? మా ఊర్లో సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాల. మెయిల్ వచ్చిందని నాకెవురు చెప్తారు? మామకు వస్తే బస్సులో కబురన్నా పంపిస్తాడు."

"ఈసారి పంపలేదుగా."

"ఆయనకు కనపడితే పంపేటోడే" అంది. మామ ఆ మాట విని మొహం పక్కకు తిప్పుకుని, ఆమెకు బస్సు ఎటువైపు వస్తుందో అనవసరంగా వివరించాడు.

నా పెట్టెలో పడ్డ మెయిల్

హైదరాబాదు వెళ్లాక ఆఫీసులో ఉండగా ఆసుపత్రి జవాబు వచ్చింది. నా ఐడీ నుంచి పంపాం కాబట్టి నా పెట్టెకే వచ్చింది. పత్రం అందింది, వచ్చి చేరమన్నారు. చదివి కుర్చీలో వెనక్కి వాలాను. మళ్లీ చూద్దామని ముందుకు వంగేసరికి మెయిల్ పైన లేదు. నేను తెరిచాను కాబట్టి మా ప్రోగ్రాం దాన్ని అయిపోయిన వాటిలో కలిపేసింది.

ఏం అయిపోయింది? రమణమ్మకు ఇంకా తెలియనే తెలియదు. ఆమె గుట్ట కింద ఇంట్లో మూటలు సర్దుకుంటూ ఉండొచ్చు. కోతల బండి ఎక్కేసి కూడా ఉండొచ్చు. మామకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన కండక్టరుతో కబురు పంపాడు. "అందింది పాపా, పిల్ల బయల్దేరుతాంది" అని ఆయన మళ్లీ ఫోన్ చేసేదాకా నాకు ఒక్క వరుస కోడు రాయబుద్ధి కాలేదు. ఆ మధ్యలో ఆ మెయిల్‌ను అడుగునుంచి వెతికి ఎన్నిసార్లు తెరిచానో.

అప్పుడు అర్థమైంది, మేం ఇన్నాళ్లూ తప్పు ప్రశ్నకు జవాబు రాస్తున్నామని. తెరిచారా లేదా అని మా ప్రోగ్రాం అడుగుతోంది. మామ దుకాణంలో అడగాల్సింది అది కాదు, చేరాల్సిన మనిషికి కబురు చేరిందా లేదా అని.

ఒక చిన్న గుర్తు

మూర్తి గారి దగ్గరికి వెళ్లాను. టీ తెప్పించారు. అంతా విన్నారు.

"పద్మ గారూ, ఒక్క పెట్టెను అంతమంది వాడుకోవడం వాళ్ల పద్ధతిలో లోపం. మన ప్రోగ్రాంలో లోపం కాదు. తలా ఒక ఐడీ తెరుచుకోమనండి."

"తెరుచుకుంటారు సార్. వచ్చింది లేచి చూడమ్మా అని వాళ్లకు చెప్పేదెవరు?"

"అది మన పని కాదు కదండీ."

"మరి మన పని ఏంటి సార్? మీ పెట్టె సర్దడానికి ఇంతమందిమి ఎందుకు?"

గొంతు లేచిందని అన్నాక తెలిసింది. ఆయన టీ కప్పు కింద పెట్టి, "ఏం చేద్దామంటారు" అన్నారు. నేను అడిగింది రెండే. వేరే వేరే పేర్లతో సంబోధించి రాసిన మెయిళ్లను, శీర్షిక ఒకటే అయినా, మడవకూడదు. ప్రతి మెయిల్ పక్కన 'చెప్పాను' అని ఒక చిన్న గుర్తు ఉండాలి. అది నొక్కేదాకా, తెరిచినా సరే, మెయిల్ కిందికి జారకూడదు. కావాలనుకున్నవాళ్లే దాన్ని పెట్టుకుంటారు.

"ఎవరు నొక్కుతారండీ అది" అన్నారు. అయినా ఒప్పుకున్నారు, సెట్టింగుల్లో ఎవరికీ కనబడని మూల పెట్టమన్నారు. పెట్టాం. ఆ మూలకు కూడా జనం వెతుక్కుంటూ వచ్చారు. బడి ఆఫీసులు, ఆసుపత్రి వార్డులు, ఒకరి మెయిల్ ఇంకొకరు చూసిపెట్టే చోట్లన్నీ. ఖాదర్ మామ కంప్యూటర్లో ఆ గుర్తును నేనే పెట్టి ఇచ్చాను. ఆ తర్వాత ఒక పెద్ద మీటింగులో మూర్తి గారు దాన్ని తన ఆలోచనగా వివరించారు. పని నిలబడింది కదా, పేరుదేముంది అని మీకు చెప్పాలని ఉంది కానీ, నాకు కోపం వచ్చింది. కొంచెం ఇప్పటికీ ఉంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు రాసినదాన్ని వాడే చోటికి వెళ్లి బెంచీ మీద కూర్చోండి. వివరించకండి. నేను వివరిస్తూ ఎంతసేపు వృథా చేశానో రమణమ్మను అడగండి, చెబుతుంది.

ఈమధ్య

రిటైరయ్యాక మార్కాపురంలోనే ఉంటున్నాను. ఈమధ్య మెడ దగ్గర చిన్న గడ్డ తేలింది. ఒంగోలు వెళ్లి పరీక్షకు ముక్క తీయించుకున్నాను. అదే ఆసుపత్రి. రమణమ్మ ఇప్పుడక్కడ నర్సులందరికీ పెద్ద. రిపోర్టు పంపడానికి మెయిల్ ఐడీ అడిగారు.

నాకు సొంత ఐడీ ఉంది. ఉద్యోగం మానేశాక దాన్ని సర్దడం కూడా మానేశాను. ఇప్పుడది చీరల డిస్కౌంట్లతో పొంగిపొర్లుతోంది. అసలు సంగతి అది కాదు. ఆ రిపోర్టును ఒక్కదాన్నే కూర్చుని తెరిచే ధైర్యం నాకు లేదు. ఖాదర్ మామ ఐడీ చెప్పాను. రమణమ్మ నా వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా రాసుకుంది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో రాయను. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"పాపా, నీది వచ్చింది. తెరిచినా."

నేను గోడకు ఆనుకున్నాను. "చెప్పు మామా."

"ఏం లేదంట పాపా. ఉత్త గడ్డేనంట. మందులతో పోతాదంట, భయపడేది ఏమీ లేదంట."

మామ ఆగకుండా, "కింద రమణమ్మ ఒక ముక్క రాసింది, చదువుతా ఉండు" అన్నాడు. "మామా, అక్కకు నీ నోటితో చెప్పు. ఆమె విన్నాక 'చెప్పాను' గుర్తు నొక్కు, ముందే నొక్కొద్దు, అని రాసింది. విన్నావు కదా పాపా? నొక్కేదా?"

"ఆగు మామా, అప్పుడే నొక్కొద్దు" అన్నాను. "ఇంకొక్కసారి చెప్పు."

మామ గొంతు సవరించుకుని, మొదట్నుంచీ మళ్లీ చెప్పాడు.